సూది పట్టనివ్వని చెయ్యి

ఈ శీర్షికలో మామూలుగా సర్వర్లు, డేటాబేసులు, కొత్తగా వచ్చిన ప్రోగ్రామింగ్ భాషల గురించి చెప్పుకుంటూ ఉంటాం. ఈసారి కాస్త దారి మళ్ళి మనిషి మెదడులోకి వెళ్దాం. నన్ను అటు మళ్ళించింది ఒక టైలరు.

నేను కువైట్‌లో ఫర్వానియాలో ఉంటాను. మా వీధి చివర దిష్‌దాషాలు కుట్టే షాపు ఒకటుంది. రాయచోటి దగ్గర పల్లె నుంచి వచ్చిన ఒక అన్న అందులో చాలా ఏళ్ళుగా పని చేస్తున్నాడు. కువైట్‌లో ఉండేవాళ్ళకి కడప, రాయచోటి, రాజంపేట వాళ్ళ గురించి నేను చెప్పక్కర్లేదు. ఏ వీధిలో నిలబడి "అన్నా" అని పిలిచినా ఇద్దరు ముగ్గురు వెనక్కి తిరిగి చూస్తారు. ఈ అన్నది చేతి పని. కాలరు, గుండీల పట్టీ, కాజాలు మిషను మీద పెట్టక సూదితో కుట్టమనే షోకు మనుషులు ఇక్కడ ఇంకా ఉన్నారు. ఆ పని షాపులో ఇతనికే ఇస్తారు.

ఒక శుక్రవారం ప్యాంటు పొడవు తగ్గించుకుందామని వెళ్తే నన్ను పక్కకి పిలిచాడు. "చెయ్యి నా మాట ఇనడంల్యా సార్. సూది పట్టుకుంటే సాలు, బొటనేలు లోపలికి ముడుసుకుపోతాంది. మణికట్టు వంగిపోతాంది" అన్నాడు. నా ముందే సూది తీసి చూపించాడు. నాలుగు కుట్లు బాగానే పడ్డాయి. అయిదో కుట్టుకి ఎవరో లోపలినుంచి తాడు కట్టి లాగినట్టు బొటనవేలు అరచేతిలోకి వెళ్ళిపోయింది. సూది కింద పెట్టగానే చెయ్యి మామూలుగా అయిపోయింది. అదే చేత్తో నాకు సులేమానీ టీ పోసి ఇచ్చాడు, ఒక్క చుక్క తొణకలేదు.

తంటా అంతా అక్కడే వచ్చింది. టీ పోయగలడు, దినార్లు లెక్కపెట్టగలడు, ఫోన్లో మెసేజీలు కొట్టగలడు, సూది మాత్రం పట్టలేడు. ఇది చూసిన షాపు యజమాని అతను పని ఎగ్గొట్టడానికి నాటకం ఆడుతున్నాడని తేల్చేశాడు. గదిలో ఉండేవాళ్ళు దిష్టి అన్నారు. ఇంకొకాయన నరం పడిపోయిందన్నాడు. ఒక క్లినిక్‌లో నొప్పి మాత్రలూ, విటమిన్ ఇంజెక్షన్లూ ఇచ్చారు. ఏడాది గడిచింది. పని పోతే అకామా పోతుంది, అకామా పోతే ఇంటికి పోవాలి. ఊళ్ళో కూతురి చదువు సగంలో ఉంది.

"మీరు కంప్యూటర్ సదివినారు గదా, ఇంటర్నెట్లో సూసి సెప్పండి సార్" అన్నాడు.

చూశాను, చెప్పాను. తప్పు చెప్పాను. ఆ రాత్రి నేను వెతికింది "చెయ్యి వణుకు" గురించి. పార్కిన్సన్స్ వ్యాధి వచ్చింది, దానికి మెదడులో తీగలు పెట్టే శస్త్రచికిత్స వచ్చింది, దాని వీడియోలు వచ్చాయి. స్విచ్ వేయగానే వణుకు ఆగిపోయే ఆ వీడియోలు చూస్తే ఎవరికైనా ఒళ్ళు గగుర్పొడుస్తుంది. మర్నాడు వెళ్ళి ఉత్సాహంగా అతనికీ చూపించాను. ఆ మనిషి చెవికి చేరింది "మెదడుకి ఆపరేషన్" అన్న రెండు మాటలే. రెండు వారాలు సరిగా నిద్ర లేదట. ఇంటికి ఫోన్ చేసి భార్యతో పొలం కాగితాలు ఎక్కడున్నాయో చెప్పాడట.

అతను "వణుకుతోంది" అని నాతో ఒక్కసారి కూడా అనలేదు. "మాట ఇనడంల్యా" అన్నాడు. దాన్ని వణుకుగా తర్జుమా చేసుకున్నది నేను. బగ్గుని ఒకసారి తిరిగి రప్పించి చూడకుండా పాచ్ రాసే కుర్రాళ్ళని ఆఫీసులో నేనే కేకలేస్తుంటాను. ఆ తర్వాత కూర్చుని చదివినదంతా ఈ వ్యాసం. నేను డాక్టరుని కాను. చదివింది అర్థం చేసుకుని చెప్పడమే నా పని.

మూడు రకాల మొరాయింపు

చెయ్యి మాట వినకపోవడంలో ముఖ్యంగా మూడు రకాలున్నాయి. పైకి మూడూ ఒకేలా అనిపిస్తాయి. లోపల మాత్రం వేరు వేరు.

పార్కిన్సన్స్ వణుకు చెయ్యి ఊరికే ఉన్నప్పుడు వస్తుంది. ఒళ్ళో పెట్టుకుని టీవీ చూస్తుంటే బొటనవేలూ చూపుడువేలూ మాత్ర నలుపుతున్నట్టు ఆడతాయి. సెకనుకి నాలుగు నుంచి ఆరు సార్లు. గ్లాసు అందుకోబోతే తగ్గుతుంది. సాధారణంగా ముందు ఒక పక్కనే మొదలవుతుంది. కదలికలు మందగించడం, కండరాలు బిగుసుకోవడం తోడవుతాయి.

రెండోది ఎసెన్షియల్ ట్రెమర్. ఇది తిరగబడిన కేసు. చెయ్యి ఊరికే ఉంటే ఏమీ ఉండదు, గ్లాసు ఎత్తితే వణుకు. పార్కిన్సన్స్ కన్నా ఇదే ఎక్కువమందికి ఉంటుంది, తరచు కుటుంబాల్లో వస్తుంది. "మా తాతకీ చెయ్యి వణికేది, మా నాన్నకీ వణుకుతుంది" అనే ఇళ్ళలో చాలాసార్లు ఉండేది ఇదే. కాస్త మద్యం పుచ్చుకుంటే చాలామందికి తాత్కాలికంగా తగ్గుతుంది, డాక్టర్లు ఆ సంగతి అడుగుతారు కూడా. కువైట్‌లో ఆ పరీక్ష చేసుకునే వీలు లేదనుకోండి.

మూడోది డిస్టోనియా. ఇందులో ప్రధానంగా ఉండేది వణుకు కాదు. వేలు ముడవడానికి ఒక కండరం, చాచడానికి ఇంకొకటి ఉంటాయి. ఒకటి లాగేటప్పుడు రెండోది వదలాలి. డిస్టోనియాలో రెండూ ఒకేసారి లాగుతాయి, పక్కన సంబంధం లేని కండరాలు కూడా కలిసి లాగుతాయి. వేలు మెలి తిరుగుతుంది. ఇందులో ఒక జాతి మరీ విచిత్రం. ఒకే ఒక్క పనిలో వస్తుంది. రాసేవాళ్ళకి రాతలో, వీణ వాయించేవాళ్ళకి వీణ మీద, టైలరుకి సూదితో. మిగతా పనుల్లో చెయ్యి నిక్షేపంలా ఉంటుంది. మా టైలరన్నది ఇది.

సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది అర్థం కావడం తేలిక. హార్డ్‌వేర్ బాగానే ఉంది. చెయ్యి, నరం, కండరం అన్నీ పరీక్షలో పాసవుతాయి. ఒక్క ఫంక్షన్‌ని పిలిచినప్పుడే ప్రోగ్రాం కూలుతోంది.

నాటకం అన్న నింద కొత్తది కాదు

యజమాని అన్నమాటకి నాకు కోపం వచ్చింది కానీ, చరిత్ర చదివాక ఆయన ఒంటరివాడు కాడని తెలిసింది. బ్రిటన్‌లో 1830ల్లోనే గుమాస్తాల చేతుల్లో ఈ జబ్బుని గమనించారు. అప్పుడే వస్తున్న ఉక్కు పాళీ కలాల మీద నేరం మోపినవాళ్ళూ ఉన్నారు. ఆ తర్వాత టెలిగ్రాఫ్ వచ్చింది. మోర్స్ మీట నొక్కి నొక్కి ఆపరేటర్ల చేతులు బిగుసుకుపోయేవి. 1908లో బ్రిటన్ ఈ టెలిగ్రాఫిస్టుల జబ్బుని నష్టపరిహారం ఇవ్వదగిన వృత్తి వ్యాధుల జాబితాలో చేర్చింది. ఒక రకంగా వాళ్ళు మన వృత్తికి తాతలు. రోజంతా కూర్చుని ఒకే మీట నొక్కి సంకేతాలు పంపడమే వాళ్ళ ఉద్యోగం.

అయినా ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం దీన్ని మనసుకి సంబంధించిన జబ్బుగానే లెక్కవేశారు. టీ పోయగలవాడు సూది పట్టలేకపోవడమేమిటి అన్న అనుమానం డాక్టర్లకీ వచ్చింది. 1982లో షీహీ, మార్స్‌డెన్ అనే ఇద్దరు లండన్ వైద్యులు ఈ రోగుల్ని జాగ్రత్తగా పరీక్షించి, ఇది మానసిక రోగం కాదు, శరీరంలో ఒక్క భాగానికే పరిమితమైన డిస్టోనియా అని వాదించారు. అప్పటినుంచి దృష్టి మెదడు వైపు మళ్ళింది.

అమెరికన్ పియానో విద్వాంసుడు లియాన్ ఫ్లైషర్ కథ ఈ రెండు కాలాలకీ వంతెన లాంటిది. 1960ల మధ్యలో, పేరు మారుమోగుతున్న రోజుల్లో, ఆయన కుడిచేతి ఉంగరపు వేలూ చిటికెన వేలూ ముడుచుకుపోయాయి. ఎందరు వైద్యుల్ని చూసినా పేరు తెలియలేదు. దశాబ్దాల పాటు ఎడమచేత్తో వాయించదగ్గ రచనలే వాయించాడు, పాఠాలు చెప్పాడు. 1990ల్లో బొటులినమ్ ఇంజెక్షన్లు మొదలయ్యాక రెండు చేతులతో మళ్ళీ కచేరీలు చేశాడు. 2020లో పోయాడు. జబ్బు తగ్గలేదు, అదుపులో ఉందంతే.

లోపల ఏం జరుగుతోంది

మెదడు పైపొరలో ఒక్కో వేలికి ఒక్కో చోటు ఉంటుంది. 1996లో నాన్సీ బిల్, మైకేల్ మెర్జెనిక్ బృందం కోతులకి ఒకే రకంగా పిడికిలి మూసి తెరిచే పని నేర్పి, రోజూ వందల సార్లు చేయించారు. కొన్నాళ్ళకి వాటి చేతుల్లో ఇలాంటి బిగింపే వచ్చింది. మెదడులో చూస్తే వేళ్ళ చోట్ల మధ్య సరిహద్దులు చెరిగిపోయి ఒకదానిమీద ఒకటి పడ్డాయి. రెండు పాయింటర్లు ఒకే మెమరీ అడ్రసుని చూపిస్తే ఏమవుతుందో సీ భాష రాసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. అలాగని వేళ్ళతో పదే పదే పని చేసే ప్రతివాళ్ళకీ ఇది రాదు. లక్షల మంది టైలర్లలో కొందరికే వస్తుంది. పుట్టుకతో వచ్చిన బలహీనత ఏదో ఉండాలి, దానికి ఏళ్ళ తరబడి ఒకే కదలిక తోడవ్వాలి.

ఇక శస్త్రచికిత్సకి పనికొచ్చే భాగం. కదలిక ఆజ్ఞ పైపొరనుంచి సూటిగా చేతికి వెళ్ళిపోదు. వెళ్ళేముందు లోపల రెండు చుట్లు తిరుగుతుంది. ఒక చుట్టు చిన్న మెదడు గుండా వెళ్తుంది, అది కదలిక కాలాన్నీ గురినీ సరిదిద్దుతుంది. ఇంకో చుట్టు బేసల్ గాంగ్లియా అనే ముద్దల గుండా వెళ్తుంది, ఏ కదలికని వదలాలి, ఏ కదలికని అణచాలి అన్నది అక్కడ తేలుతుంది. రెండు చుట్లూ తిరిగి పైకి వెళ్ళేముందు థాలమస్ అనే జంక్షన్‌లో దిగుతాయి. గుంతకల్లు లాంటి జంక్షను అనుకోండి. అయితే రెండూ ఒకే ప్లాట్‌ఫారం మీద దిగవు. చిన్న మెదడు నుంచి వచ్చే తీగలు దిగే చోటుని విమ్ అంటారు. బేసల్ గాంగ్లియా నుంచి వచ్చేవి దిగే చోటు వీఓ. వీఓ సరిగ్గా విమ్‌కి ముందు, కొద్ది మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది.

వణుకు ఆపాలంటే విమ్‌కి వెళ్ళాలి. చేతి డిస్టోనియాకి వీఓకి వెళ్ళాలి. పార్కిన్సన్స్‌లో వణుకుతో పాటు మందగింపు, బిగింపు కూడా ఉంటే ఇవాళ ఎక్కువగా వెళ్ళేది ఇంకో చోటికి, సబ్‌థాలమిక్ న్యూక్లియస్ అనే గింజంత ముద్దకి. జబ్బు పేరు తప్పు పెడితే శస్త్రచికిత్స ఎంత బాగా చేసినా అడ్రసు తప్పు అవుతుంది. నేను టైలరన్నకి చూపించిన వీడియోలు వేరే అడ్రసువి.

పొరపాటున దొరికిన దారి

1952లో న్యూయార్క్‌లో ఇర్వింగ్ కూపర్ అనే సర్జను పార్కిన్సన్స్ రోగికి వేరే ఆపరేషన్ చేస్తుండగా ఒక ధమని చిరిగింది. దాన్ని కట్టేసి, అనుకున్న ఆపరేషన్ మానేసి బయటికి వచ్చాడు. రోగి లేచేసరికి వణుకు పోయింది, పక్షవాతం రాలేదు. ఆ ధమని రక్తం అందించే లోతైన భాగంలో ఏదో ఒక ముక్క చచ్చిపోవడం వల్ల వణుకు ఆగిందన్నమాట. అయితే ఆ ముక్కనే గురిచూసి కొట్టవచ్చు కదా?

గురిచూసే సాధనం అప్పటికే ఉంది. 1947లో ఫిలడెల్ఫియాలో స్పీగెల్, వైసిస్ మనిషి తలకి మొదటిసారి స్టీరియోటాక్టిక్ ఫ్రేము బిగించారు. పుర్రెకి లోహపు చట్రం బిగిస్తే మెదడులో ప్రతి బిందువుకీ ఎక్స్, వై, జెడ్ విలువలు వస్తాయి. ఆరిజిన్ ఎక్కడ పెట్టాలి? పుర్రె కొలతలు మనిషి మనిషికీ మారతాయి కాబట్టి, మెదడు నడిమధ్యలో ముందూ వెనకా ఉండే రెండు చిన్న తీగల కట్టలని గుర్తుగా తీసుకుంటారు. వాటిని కలిపే గీత మధ్యబిందువు సున్నా, సున్నా, సున్నా. ఆ గీత పొడవు మొత్తం రెండున్నర సెంటీమీటర్లు అటూ ఇటూ. మనం గ్రాఫిక్స్ క్లాసులో నేర్చుకున్న కోఆర్డినేట్ మార్పిడి ఇక్కడ మనుషుల ప్రాణాల మీద నడుస్తుంది.

1960ల చివర్లో లెవోడోపా మందు రావడంతో ఈ ఆపరేషన్లు చాలావరకు మూలపడ్డాయి. మందు పరిమితులు తెలిసొచ్చాక మళ్ళీ లేచాయి. 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో అలీమ్ లూయీ బెనబీద్ విమ్‌ని కాల్చేముందు సరైన చోటా కాదా అని చూడ్డానికి కరెంటు పంపుతూ, సెకనుకి వంద సార్ల దగ్గర వణుకు ఆగిపోవడం గమనించాడు. పరీక్షకోసం పంపే కరెంటే చికిత్స అయితే ఇక కాల్చడమెందుకు? అలా డీబీఎస్ పుట్టింది. మెదడులో ఒకటింబావు మిల్లీమీటర్ల మందాన తీగ, దాని చివర నాలుగు ఎలక్ట్రోడ్లు, కాలర్ ఎముక కింద చర్మంలో బ్యాటరీ డబ్బా. సెకనుకి సుమారు 130 పల్సులు, ఒక్కో పల్సు 60 మైక్రోసెకన్లు. అమెరికాలో ఎఫ్‌డీఏ వణుకు కోసం దీన్ని 1997లో, పార్కిన్సన్స్ మిగతా లక్షణాలకి 2002లో అనుమతించింది. మన హైదరాబాదు నిమ్స్‌లోనూ పార్కిన్సన్స్ రోగులకి ఇది చాలా ఏళ్ళుగా చేస్తున్నారు.

బెంగుళూరులో గిటారు

2017 జులైలో బెంగుళూరులో జరిగిన ఒక ఆపరేషన్ పత్రికలన్నిట్లో వచ్చింది. రోగి ముప్పయ్యేళ్ళు దాటిన మనిషి. మన లాంటి సాఫ్ట్‌వేర్ ఇంజనీరే, ఉద్యోగం మానేసి గిటారు పట్టాడు. ఎడమచేతి మూడు వేళ్ళు, మధ్యవేలు నుంచి చిటికెన వేలు దాకా, గిటారు మీద బిగుసుకుపోవడం మొదలైంది. ముందు అతనూ కండరాల అలసట అనుకున్నాడు. చివరికి డాక్టర్ సంజీవ్ అనే న్యూరాలజిస్టు డిస్టోనియా అని పేరు పెట్టారు. భగవాన్ మహావీర్ జైన్ ఆసుపత్రిలో డాక్టర్ శరణ్ శ్రీనివాసన్ ఆపరేషన్ చేశారు. ఈ పద్ధతిని పెంచి పోషించింది జపాన్‌లో తకావొమి తైరా. టోక్యో మహిళా వైద్య విశ్వవిద్యాలయంలో ఆయన బృందం రాతగాళ్ళకీ, సంగీతకారులకీ ఈ వీఓ ఆపరేషన్ చేస్తూ వచ్చింది. 2019లో 171 మంది రోగుల ఫలితాలు ప్రచురించారు. ఎక్కువమందికి బాగా తగ్గింది, కొందరికి తిరగబెట్టింది.

బెంగుళూరు ఆపరేషన్ సుమారు ఏడు గంటలు సాగింది. తలకి నాలుగు స్క్రూలతో ఫ్రేము, ఎమ్మారై, లెక్కలు, పుర్రెలో 14 మిల్లీమీటర్ల రంధ్రం, అందులోంచి ఎనిమిది తొమ్మిది సెంటీమీటర్ల లోతుకి ఎలక్ట్రోడ్. రోగి మెలకువగానే ఉన్నాడు. మెదడుకి నొప్పి తెలీదు, చర్మానికి మత్తిస్తే చాలు. ఒళ్ళో గిటారు. ముందు కరెంటు పంపి చూస్తారు, మాట తడబడుతోందా, చెయ్యి తిమ్మిరెక్కుతోందా అని. ఎందుకంటే వీఓకి ఒక పక్క చేతికీ కాలికీ ఆజ్ఞలు వెళ్ళే పెద్ద రహదారి ఉంది, వెనక స్పర్శ తెలిసే కేంద్రం ఉంది. అంతా సరిగ్గా ఉంటే ఎలక్ట్రోడ్ మొనని సుమారు 70 డిగ్రీలకి వేడిచేసి కొన్ని మిల్లీమీటర్ల ముక్కని కాలుస్తారు. అతను వాయించాడు, కాల్చారు, మళ్ళీ వాయించాడు. ఆరోసారి కాల్చేసరికి వేళ్ళు వదులయ్యాయి.

అదే ఏడాది గుంటూరులో ఒక నర్సుకి బాహుబలి సినిమా చూపిస్తూ మెదడులో గడ్డ తీసిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. రెండిటినీ ఒకే గాటన కట్టి "వింత ఆపరేషన్లు" అని చెప్పుకుంటారు. నా ఉద్దేశంలో రెండూ ఒకటి కావు. గుంటూరులో సినిమా పని రోగిని నెమ్మదిగా, మెలకువగా ఉంచడం. బెంగుళూరులో గిటారు కొలిచే పరికరం. ఈ జబ్బు ఏ స్కానులోనూ కనపడదు, గిటారు మీద మాత్రమే కనపడుతుంది. గిటారు లేకపోతే ఎప్పుడు ఆపాలో సర్జనుకి తెలిసే దారి లేదు.

కాల్చడమా, తీగ పెట్టడమా

నాలాంటి వాడికి డీబీఎస్ అంటే సహజంగానే మోజు. సెట్టింగులు మార్చుకోవచ్చు, నచ్చకపోతే ఆపేయొచ్చు, బయటినుంచి వైర్లెస్‌తో ప్రోగ్రాం చేయొచ్చు. 2025లో ఎఫ్‌డీఏ అనుమతించిన కొత్త రకం మెదడు సంకేతాల్ని తనే చదివి కరెంటుని తనే సర్దుకుంటుంది, అంటే ఫీడ్‌బ్యాక్ లూపు పూర్తయింది. కాల్చడమంటే బ్యాకప్ లేకుండా డిలీట్ కొట్టడమే కదా అనిపిస్తుంది.

టైలరన్న కళ్ళతో చూస్తే లెక్క తిరగబడుతుంది. డీబీఎస్ పెట్టాక నెలల తరబడి సెట్టింగులు సరిచేయించుకోవడానికి తిరగాలి. రీచార్జి కాని బ్యాటరీ అయితే కొన్నేళ్ళకోసారి మార్చాలి, ప్రతిసారీ ఖర్చు, ప్రతిసారీ చిన్న ఆపరేషన్. తీగ తెగినా, చీము పట్టినా మళ్ళీ ఆసుపత్రి. రెండేళ్ళకోసారి సెలవు దొరికే గల్ఫ్ కార్మికుడికి అది జీవితాంతం కట్టాల్సిన మెయింటెనెన్సు కాంట్రాక్టు. కాల్చడంలో ఒంట్లో ఏ వస్తువూ మిగలదు. ఒక్కసారితో పని అయిపోవచ్చు. అయితే తప్పు జరిగితే అదీ ఒక్కసారితోనే అయిపోతుంది. ఇలాంటి ఆపరేషన్లలో వందలో ఒకరిద్దరికి మెదడులో రక్తస్రావం కావచ్చు. మాట ముద్దకట్టడం, చెయ్యి బలహీనపడటం కొందరికి మిగిలిపోవచ్చు. రెండు పక్కలా కాల్చడానికి డాక్టర్లు బాగా వెనకాడతారు, మాటకీ నడకకీ ముప్పు కాబట్టి.

రంధ్రం లేకుండా కాల్చే పద్ధతి కూడా వచ్చింది. వెయ్యికి పైగా మూలాలనుంచి అల్ట్రాసౌండ్ తరంగాల్ని పుర్రెగుండా ఒకే బిందువు మీదికి పంపి, ఎమ్మారైలో వేడి చూసుకుంటూ కాలుస్తారు. 2016లో 76 మంది ఎసెన్షియల్ ట్రెమర్ రోగుల మీద జరిగిన అధ్యయనంలో మూడు నెలలకి చేతి వణుకు సగటున 47 శాతం తగ్గింది, ఉత్తుత్తి చికిత్స పొందినవాళ్ళకి ఏమీ తగ్గలేదు. జపాన్‌లో దీన్ని చేతి డిస్టోనియాకి కూడా కొద్దిమంది మీద ప్రయత్నించారు. పుర్రె చెక్కుచెదరకపోయినా లోపల కాలేది మెదడే, ఆ సంగతి మరిచిపోకూడదు.

టైలరన్న సంగతి

కువైట్‌లో నరాల జబ్బులకి ఇబ్న్ సీనా ఆసుపత్రి ఉంది. అక్కడికి పంపమని అడుగుదామా అని నేనన్నాను. అతనికి సెలవు దగ్గరపడింది. పైగా తన బాధని తెలుగులో చెప్పుకోవాలన్నాడు, నా తర్జుమా చూశాక ఆ మాట అనడం న్యాయమే. రాయచోటి నుంచి మదనపల్లె మీదుగా బస్సెక్కితే బెంగుళూరు. ఈసారి నేను జబ్బు పేరేమీ చెప్పలేదు. "సూది, దారం, రెండు గజాల గుడ్డ తీసుకెళ్ళన్నా. డాక్టరు ముందు కుట్టి చూపించు. ఫోన్లో వీడియో కూడా తీసి పెట్టుకో" అని మాత్రం చెప్పాను.

అక్కడ న్యూరాలజిస్టు అతనితో ముప్పావుగంట కుట్టించారట. తర్వాత సూది ఎడమచేతికి ఇచ్చి కుట్టమన్నారట. అతను తంటాలు పడి ఎడమచేత్తో కుడుతుంటే, బల్ల మీద ఊరికే ఉన్న కుడిచేతి బొటనవేలు దానంతట అదే లోపలికి ముడుచుకుందట. "నాకే బయమేసింది సార్, దెయ్యం పట్టినట్టు" అన్నాడు. దీన్ని అద్దంలో డిస్టోనియా అనొచ్చు, ఈ జబ్బు గుర్తుల్లో ఒకటి. ఏడాది పాటు నాటకం అనిపించుకున్న మనిషికి అది నాటకం కాదని ఆ ఒక్క నిమిషంలో రుజువైంది. ఆయన తెలుగులోనే రాయించుకుని తెచ్చిన కాగితం యజమానికి నేను అరబ్బీ తెలిసిన సహోద్యోగితో చదివించాను. యజమాని క్షమాపణ చెప్పలేదు గానీ, చాయ్ తెప్పించాడు.

డాక్టరు ఆపరేషన్ పేరెత్తలేదు, ముందు ఎత్తకూడదు కూడా. ముంజేతి కండరాల్లో బొటులినమ్ ఇంజెక్షన్ ఇచ్చారు. వేళ్ళని మళ్ళీ విడివిడిగా కదిలించే అభ్యాసాలు నేర్పారు. ఇంజెక్షన్ పట్టిన రెండు నెలలు బొటనవేలు నిలబడింది, కాకపోతే పట్టు కొంచెం సడలింది. మూడో నెల దాటాక మళ్ళీ మొదటికి వచ్చింది. ఆ మందు గుణమే అంత. మూడు నాలుగు నెలలకోసారి వేయించుకోవాలి.

ఇప్పుడతను షాపులో కటింగు బల్ల దగ్గర ఉన్నాడు. కత్తెరతో ఆ చేతికి ఏ పేచీ లేదు. జీతం కొంచెం తగ్గింది. చేతి పని మళ్ళీ కావాలంటే ఆపరేషన్ గురించి సర్జనుతో మాట్లాడొచ్చని డాక్టరు చెప్పారు. వచ్చే సెలవులోపల తేల్చుకోవాలి. భార్య వద్దంటోంది. కూతురు మాత్రం గిటారు ఆపరేషన్ వార్త తనే వెతికి తండ్రికి పంపింది. నన్ను సలహా అడిగాడు. కత్తెరతో బతుకు నడుస్తున్నప్పుడు, ఇంజెక్షన్లు ఇంకో రెండు మూడుసార్లు చూడకుండా తలకి రంధ్రం ఎందుకన్నా అన్నాను. తల ఊపాడు, ఒప్పుకున్నట్టు మాత్రం అనిపించలేదు. పాతికేళ్ళ చేతి పని అది.

మొన్న శుక్రవారం షాపు మూసేవేళకి వెళ్తే అడిగాడు: "ఆపరేషన్ టయానికి నాకు సూది ఇస్తారు గదా సార్? గుడ్డ ఆస్పత్రోళ్ళే పెడతారా, మనమే తీసకపోవాల్నా?"

కనుక్కుని చెప్తానన్నాను.